కాలరు కుట్టిన చేయి

2071 నాటికి ఫ్యాషన్ డిజైన్ విద్యార్థులు పోర్ట్‌ఫోలియోలో బొమ్మలు పంపడం మానేశారు. కుట్టిన దుస్తులనే చేతిజాడ యంత్రం కింద పరుస్తున్నారు. దారం లాగే బిగువు, సూది దించే వంపు మనిషి మనిషికీ వేరు. సెన్సర్లు ఆ తేడాను చదివి ఏ కుట్టు ఎవరిదో చెబుతాయి. ఒకరి పనిని మరొకరు తమదని చెప్పుకోకుండా డాక్టర్ హైమవతి దీన్ని తయారు చేసింది. ఆమె స్టూడియోలో ఇంటర్న్‌షిప్ కావాలంటే దుస్తుల్లో ఒక్కరి జాడే ఉండాలి.

విశాఖపట్నం హాస్టల్లో వకుళ ఆ స్టూడియో కోసమే పోర్ట్‌ఫోలియోను కొత్తగా సర్దుతోంది. మొదటి ఏడాది గౌన్లు తీసేసింది. చివరగా పొందూరు ఖద్దరుతో కుట్టిన కోటును గదిలోని యంత్రం కింద పరిచింది. ఆశంతా దాని మీదే.

"కాలరులో ఇంకొకరి చేయి ఉంది" అంది యంత్రం.

"పొరపాటు. కోటంతా నేనే కుట్టాను."

"కాలరు ఊడదీసి మళ్లీ కుట్టారు. హాస్టల్లో నమోదైన జాడల్లో అది రెహానా గారి జాడతో సరిపోయింది."

ఎదుటి మంచం మీద వేరుశెనక్కాయలు ఒలుస్తున్న రెహానా ఆగిపోయింది.

"ఏందే ఆ చూపు? జ్యూరీ పరీక్షకి ముందు నీకు జొరమొచ్చిందిగా. కాలరు చూస్తే ఒకపక్క నిక్కింది, ఒకపక్క వాలింది. దాన్ని అట్టాగే వదిలెయ్యమంటావా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్పకూడదుగా."

ఆ హాస్టల్ ఆనవాయితీ అది. జబ్బుపడినవాళ్ల పనిని పక్క మంచం వాళ్లు పూర్తి చేస్తారు, చేశామని చెప్పరు. జ్యూరీ మెచ్చుకున్నది ఆ కాలరునే. ఒళ్లు కాలిపోతున్నా తన చేయి మాట విందని వకుళ ఇన్నాళ్లూ మురిసిపోయింది.

"సాయంత్రంతో గడువు ముగుస్తుంది" అంది యంత్రం. "ఆవిరి పట్టి బిగువు సమం చేస్తే రెండో జాడ చెరిగిపోతుంది. చాలామంది అలాగే చేయిస్తారు."

"చేయించుకో తల్లీ" అంది రెహానా. "దానికి నేనేమన్నా పేటెంటు అడిగానా?"

వకుళ కాలరు తిప్పి చూసింది. మెడకు గుచ్చుకోకుండా ప్రతి ముడినీ లోపలికి మడిచి దాచిన కుట్లు. తాను నిద్రలో మూలుగుతుంటే పక్కన కూర్చుని కుట్టినవి.

"చెరపొద్దు. కాలరు కుట్టింది రెహానా అని రాసి పంపండి."

"తిరస్కరిస్తారు" అంది యంత్రం.

"తెలుసు. పంపండి."

"పిచ్చిమొహమా!" అంది రెహానా. ఆ పూటంతా వకుళతో మాట్లాడలేదు.

వారం తర్వాత తెర మీదకు స్వయంగా డాక్టర్ హైమవతే వచ్చింది.

"నియమం తెలిసే పంపావా?"

"తెలిసే పంపాను మేడమ్."

ఆమె పాత జాకెట్టొకటి ఒళ్లోకి తీసుకుంది.

"ఇన్నేళ్లలో నాకు వచ్చినవన్నీ ఒంటిచేతి పనులే. మంచి పని మనుషులు ఒంటరిగానే చేస్తారని వ్యాసాలు కూడా రాశాను. నీ కోటు చూశాక, కాలేజీలో నేను కుట్టిన జాకెట్టు బయటికి తీశాను. యంత్రం తయారైన రోజున పరీక్షకని పెట్టింది దాన్నే. కాజాలు వేరే చేతివని చెప్పింది. ఎవరివని అడగకుండా చెరిపేశాను. ఇప్పుడు ఎంత ఆలోచించినా ఆ మనిషి గుర్తు రావడం లేదు. నా యంత్రమూ చెప్పలేకపోతోంది."

ఆమె జాకెట్టు మడిచి పక్కన పెట్టింది.

"ఆ నియమం తీసేశాను. సోమవారం వచ్చి చేరు. జాలితో పిలవడం లేదు, కోటు బాగుంది" అని ఆమె కాస్త తటపటాయించింది. "ఆ అమ్మాయి దగ్గర్లో ఉందా?"

వకుళ రెహానాను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"వదలవే, తలకి నూనె పెట్టుకున్నా!"

తెర మీద డాక్టర్ హైమవతి లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. దండం ఎవరికో అర్థంకాక రెహానా వెనక్కి తిరిగి చూసింది.