గల్లాపెట్టె దగ్గర కోడలు

పొద్దున్న ఆరు కాకముందే షట్టరు పైకెత్తి, స్టవ్వులు వెలిగించి, రాజరాజేశ్వరి పప్పు కడుగుతోంది. కత్తిపీట ముందు కూర్చున్న నర్సమ్మ దొండకాయల సంచి విప్పి, "ఇయ్యాల ఎన్ని కిలోలు కొయ్యాలె చిన్నమ్మా?" అని అడిగింది.

అడిగింది రాజరాజేశ్వరిని కాదు. గల్లాపెట్టె దగ్గర నిలబడి నోటు పుస్తకం తిరగేస్తున్న ఆవిడ కోడలు ఉదయశ్రీని. మూడడుగుల దూరంలో పప్పులో చేతులు పెట్టుకుని ఉన్న మనిషే పదకొండేళ్ళుగా ఆ వంటింటికి యజమానురాలన్న సంగతి నర్సమ్మకి ఆ క్షణాన తట్టనే లేదు.

"నాలుగు చాలు నర్సమ్మా. సోమవారం కదా, ఊళ్ళకెళ్ళిన హాస్టలు పిల్లలు ఇంకా పూర్తిగా దిగరు," అంది ఉదయశ్రీ.

"ఆరు కొయ్యి," అంది రాజరాజేశ్వరి తలెత్తకుండానే.

నర్సమ్మ ఇద్దరి మొహాలూ చూసి ఆరు కిలోలూ కోసింది. సాయంత్రానికి రెండు కిలోల వేపుడు మిగిలిపోయింది. ఉదయశ్రీ దాని గురించి ఒక్క మాట అనకుండా పుస్తకంలో రాసుకుంది. అనకపోవడమే రాజరాజేశ్వరికి ఎక్కువ మండింది.

ఆ కొట్టు ఆవిడ రెక్కల కష్టం. భర్త సుబ్రహ్మణ్యం తణుకులో గుమాస్తాగా రిటైరయ్యాక, కొడుకు జశ్వంత్ ఉద్యోగం ఇక్కడే కాబట్టి నల్లగండ్ల వచ్చేశారు. అద్దె ఫ్లాటులో గోడలు చూస్తూ కూర్చోలేక, కొండాపూర్ హాస్టళ్ళ సందులో ఒక షట్టరు అద్దెకి తీసుకుని, ఐదు కూరలతో కర్రీ పాయింటు పెట్టింది. ఆవిడ గుత్తివంకాయ కోసం సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు వరసలో నిలబడేవారు. ఐదు కూరలు పద్దెనిమిదయ్యాయి. తర్వాత నల్లగండ్లలోనే కొనుక్కున్న సొంత ఫ్లాటుకి మొదట కట్టిన సొమ్ములో సగం ఆ గల్లాపెట్టె లోంచి వచ్చిందే.

ఇప్పుడా రోజులు లేవు. కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయి. హాస్టళ్ళలో సగం మంచాలు ఖాళీ. ఉన్నవాళ్ళలో కొందరు గదిలోనే కుక్కరు పెట్టుకుంటున్నారు, కొందరు ఫోనులో నొక్కి తెప్పించుకుంటున్నారు. నూనె, గ్యాసు ధరలు మాత్రం ఎక్కిన మెట్టు దిగడం లేదు. అదే గాలికి మొన్న మార్చిలో ఉదయశ్రీ ఉద్యోగమూ పోయింది. ఒక పెద్ద కంపెనీ లెక్కల విభాగంలో ఏడేళ్ళు చేసింది. రెండు వారాలు ఇంట్లో ఉండి, మూడో వారం తనూ షాపుకి రానా అని అత్తగారిని అడిగింది. పొట్లాలు కట్టడానికి ఒక చెయ్యి కలిసొస్తుందని రాజరాజేశ్వరి సంతోషంగానే రమ్మంది.

ఆ చెయ్యి పొట్లాల దగ్గర ఆగలేదు. మొదటి పదిహేను రోజులూ ఉదయశ్రీ రోజూ మిగిలిన కూరలు తూకం వేసి రాసింది. ఆ తర్వాత ఒక సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పద్దెనిమిది కూరల్లో తొమ్మిదే అమ్ముడవుతున్నాయట, మిగతా తొమ్మిదీ ఈ తొమ్మిది సంపాదన తినేస్తున్నాయట. ఇంటి పాలకీ, కరెంటు బిల్లుకీ మామగారు గల్లా లోంచి తీయడం మానాలట. అత్తగారికి నెలకింత అని జీతం రాసుకుని ఇల్లు దాంతోనే నడపాలట. అరువు వారం దాటకూడదట. మూడు నెలల అద్దె బ్యాంకులో వేసి, ఆకాశం విరిగి మీద పడ్డా ముట్టుకోకూడదట.

"అత్తయ్యగారూ, ఇంకొకటి. గుత్తివంకాయ ఆదివారం ఒక్కరోజే చేద్దాం. ఇప్పుడున్న రేట్లకి ప్యాకెట్టు మీద ఆరు రూపాయలు మనమే ఎదురు పెడుతున్నాం," అంది చివర్న, మెల్లగా.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే అనుకుంది రాజరాజేశ్వరి. తన కొట్టులో తనకే జీతమా. తన చేతి గుత్తివంకాయ తన కొట్టుకే బరువా. కాదనడానికి నోరు తెరిచేలోపు సుబ్రహ్మణ్యం, "బంగారంలాంటి మాట చెప్పిందే అమ్మాయి," అనేశారు.

అదీ మొదలు. నాలుగు నెలలు తిరిగేసరికి కొట్టు నిలదొక్కుకుంది. అద్దె ఒక్క రూపాయి తగ్గించనని పదకొండేళ్ళుగా భీష్మించుకున్న షట్టరు ఓనరు, రెండేళ్ళకి అద్దె కాగితం రాస్తామని ఉదయశ్రీ అడిగితే నాలుగు వేలు తగ్గించాడు. ఆ రోజు అన్నం తింటూ సుబ్రహ్మణ్యం, "ఇన్నేళ్ళలో నీకు తట్టలేదు చూశావా రాజీ," అని నవ్వారు. ఆయన నవ్వులాటకే అన్నారు. ఆవిడ అన్నం సగంలోనే వదిలేసి లేచింది.

పక్క షట్టరులో బట్టలు కుట్టే నాగమణి ఒకప్పుడు కష్టసుఖాలన్నీ రాజరాజేశ్వరితోనే చెప్పుకునేది. ఇప్పుడు మధ్యాహ్నం మూడయితే స్టూలు లాక్కుని ఉదయశ్రీ పక్కన చేరుతోంది. అప్పు చేసి రెండు కొత్త మిషన్లు కొందామనుకుంటే, ఈ రోజుల్లో కొత్త అప్పు నెత్తికెత్తుకోవద్దనీ, చిల్లర కుట్టుపనులే ఎక్కువ పట్టుకోమనీ, గుడ్డ తీసుకున్నప్పుడే సగం డబ్బు తీసుకోమనీ ఉదయశ్రీ చెప్పిందట. నాగమణిని చూసి వెనకసందు జిరాక్సు షాపాయన వచ్చాడు. తర్వాత ఇస్త్రీబండి ఆవిడ. తన కొట్టు అరుగు మీద, తను కాచిన టీ తాగుతూ, వాళ్ళందరూ తన కోడలి మాట వింటుంటే రాజరాజేశ్వరి లోపల బాణలి గీకుతూ నిలబడేది. మాడింది గీకుతున్న చప్పుడు ఆవిడకే పెద్దగా వినిపించేది.

"మీ కోడలు దొరకడం మీ అదృష్టం పిన్నిగారూ," అంది నాగమణి ఒకరోజు. అవునమ్మా అని నవ్వింది రాజరాజేశ్వరి. ఇంటికెళ్ళి స్నానాల గదిలో కుళాయి తిప్పి కాసేపు ఊరికే కూర్చుంది. అరవై రెండేళ్ళ వయసులో కూతురిలాంటి పిల్ల మీద కుళ్ళుకుంటున్నానని ఆవిడకి తెలుసు. తెలియడం వల్ల అది పోలేదు, పైగా సిగ్గు కూడా తోడయింది.

అలాంటి సమయంలో మునిస్వామి వచ్చాడు. కడప నుంచి వచ్చి ఆ సందులోనే మూడంతస్తుల హాస్టలు నడుపుతున్నాడు. తన వంటమనిషి వెళ్ళిపోయాడనీ, తొంభై మందికి రోజూ మధ్యాహ్నం భోజనం పంపితే ఒక్కో భోజనానికి డెబ్బై రూపాయలిస్తాననీ, డబ్బు నెలాఖరుకి ఒక్కసారే కడతాననీ అన్నాడు. అతను ఉదయశ్రీ వైపు చూడలేదు. "అక్కా, నీ చేతి వంటయితేనే మా పిల్లోళ్ళు తింటారు," అని రాజరాజేశ్వరితోనే అన్నాడు. ఎన్నాళ్ళకో ఆవిడ చెవిన పడిన చల్లటి మాట అది. అక్కడికక్కడే సరేనంది.

అతను వెళ్ళాక ఉదయశ్రీ, అతను ఇదివరకు అరువుకి తీసుకెళ్ళిన కూరల పాత బాకీ పద్దెనిమిది వేలు ఇంకా ఇవ్వలేదనీ, పని ఒప్పుకున్నా వారం వారం డబ్బు తీసుకుందామనీ, కొంత ముందే అడుగుదామనీ చెప్పింది.

"నా కొట్టు. నేను మాటిచ్చాను," అంది రాజరాజేశ్వరి.

మర్నాటి నుంచి పెద్ద డేగిసాలు దిగాయి. నర్సమ్మ మళ్ళీ పెద్దమ్మా పెద్దమ్మా అంటూ ఆవిడ చుట్టూ తిరిగింది. గ్యాసుకీ, బియ్యానికీ గల్లాలో డబ్బు చాలకపోతే, రాజరాజేశ్వరి ఎవరితోనూ చెప్పకుండా బ్యాంకుకి వెళ్ళి, మూడు నెలల అద్దె కోసం దాచిన సొమ్ములో చెయ్యి పెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నెలాఖరున లక్షా తొంభై వేలు తెచ్చి అందరి ముందూ గల్లాలో పెడతానని, అప్పుడు చూద్దామని అనుకుంది.

ఇరవై రోజులు గడిచాయి. ఇరవై ఒకటో రోజు భోజనం వద్దని మునిస్వామి కబురు పంపాడు. హాస్టల్లో ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఒకే కంపెనీ వాళ్ళు. అది వాళ్ళందర్నీ తీసేసింది. తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోయారు. ఫోను చేస్తే మునిస్వామి ఎత్తడం మానేశాడు. రావాల్సింది లక్షా ఇరవై ఆరు వేలు, పాతది కాక.

ఈ సంగతి అందరికీ తెలుసు. బ్యాంకు సంగతే ఎవరికీ తెలియదు. ఐదో తారీఖు మధ్యాహ్నం షట్టరు ఓనరు ఫోను చేసి అద్దె చెక్కు వెనక్కొచ్చిందని చెప్పాడు. ఫోను చేసింది ఉదయశ్రీకే.

ఆమె లోపలికి వచ్చి, "అత్తయ్యగారూ, అద్దె డబ్బు ఖాతాలో లేదంటున్నారు. మీరేమైనా తీశారా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. అక్కడే నాగమణి ఉంది, నర్సమ్మ గిన్నెలు కడుగుతోంది.

"తీశాను. నా డబ్బు నేను తీసుకోవడానికి నీ సంతకం కావాలా?"

"అలా కాదండీ. చెబితే ఇంకో దారి చూసేవాళ్ళం కదా..."

"నువ్వా చూసేది? నీ ఉద్యోగమే నువ్వు నిలబెట్టుకోలేకపోయావు. నాకు బుద్ధులు చెప్పడానికి వచ్చావు," అంది రాజరాజేశ్వరి.

నర్సమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. ఉదయశ్రీ నోటు పుస్తకం గల్లాపెట్టె మీద పెట్టి, కొంగుకి అంటిన పిండి దులుపుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు షాపుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

రాజరాజేశ్వరి కోరుకున్నది ఇదే. ఇప్పుడు నర్సమ్మ అన్నీ ఆవిడనే అడుగుతోంది. కానీ అడిగేటప్పుడు మొహం చూడటం లేదు. నాగమణి తన మిషను ముందు నుంచి లేవడం లేదు. ఇంట్లో ఉదయశ్రీ అత్తగారికి వేళకి కాఫీ ఇస్తోంది, మందులిస్తోంది, కళ్ళెత్తి మాత్రం చూడటం లేదు. జశ్వంత్ తల్లితో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. సుబ్రహ్మణ్యం ఒక్కటే అన్నారు: "ఉద్యోగం పోయిన పిల్లని ఆ మాట పరాయివాళ్ళు కూడా అనరు రాజీ."

నాలుగో రోజు పదకొండింటికి ఆవిడ కొట్టు నర్సమ్మకి అప్పగించి, మోకాళ్ళ నొప్పితో మునిస్వామి హాస్టలు మెట్లెక్కింది. గట్టిగా అడగాలనీ, ఇవ్వకపోతే అక్కడే కూర్చోవాలనీ అనుకుంటూ వెళ్ళింది. రెండో అంతస్తులో చుట్టేసిన పరుపులు గోడకి చేరేసి ఉన్నాయి. మునిస్వామి ఒక్కడే మంచాలు విప్పుతున్నాడు. ఆవిడని చూడగానే లేచి, లోపలికెళ్ళి, ఒక కవరు తెచ్చి రెండు చేతులా ఇచ్చాడు.

"పదివేలుందక్కా. సోమవారం సోమవారం ఆరువేలు లెక్కన కట్టేస్తా. నా పెద్ద ఫ్రిజ్జూ, గ్రైండరూ సాయంత్రం మీ షాపుకి పంపిస్తా, ముప్పై వేలకింద జమేసుకోండి. ఫోను ఎత్తకపోవడం నా తప్పే. మొహం చెల్లలేదు."

ఇంత తేలిగ్గా తెమిలిపోతుందని ఆవిడ అనుకోలేదు. ఇన్ని లెక్కలు ఇంత తొందరగా ఎలా వేశావయ్యా అని అడిగింది. మునిస్వామి తల గోక్కున్నాడు.

"నీకు అబద్ధం చెప్పలేనక్కా. మీ కోడలు వచ్చింది, ఐదో తారీఖు సాయంత్రం. ఆయమ్మ అరిచింటే నేనూ అరిచేవాణ్ణి. అరవలేదు. నా ఖర్చులన్నీ అడిగి రాసింది. రెండంతస్తులు ఓనరుకి అప్పగించేసి, ఆ అడ్వాన్సులో అద్దె పోగా మిగిలింది తీసుకోమనింది. ఒక్క అంతస్తు పెట్టుకుని ముప్పై మందితో నడుపుకోమనింది. ఊరికి పారిపోదామనుకున్నోణ్ణి, ఆయమ్మే నిలబెట్టింది." "డబ్బు మాత్రం తన చేతికివ్వొద్దనింది. మా అత్తయ్యగారు వస్తారు, ఆవిడ అడిగినప్పుడు ఆవిడ చేతికే ఇవ్వండి, వసూలు చేసింది ఆవిడే కావాల, నేనొచ్చినట్టు చెప్పొద్దు అనింది."

రాజరాజేశ్వరి చుట్టేసిన పరుపు మీద కూర్చుంది. ఐదో తారీఖు సాయంత్రం. అంటే ఆ మాట పడ్డ రోజునే. ఆ మాట ఇంకా చెవుల్లో మోగుతుండగానే ఆ పిల్ల ఈ మెట్లెక్కింది. నాలుగు రోజులుగా ఇంట్లో కాఫీ గ్లాసు అందిస్తూ కూడా ఈ సంగతి అనలేదు. కోడలు తన పెద్దరికాన్ని లాక్కుంటోందని తను కుమిలిపోతుంటే, ఆ పిల్ల దాన్ని కిందపడకుండా పట్టుకుని నిలబడింది. మునిస్వామి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. గ్లాసు పక్కన పెట్టి లేచింది.

ఆవిడ కొట్టుకి వెళ్ళలేదు. ఆటో ఎక్కి నల్లగండ్ల వెళ్ళింది. ఉదయశ్రీ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. రాజరాజేశ్వరి కవరు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"మునిస్వామి ఇచ్చాడు. నేను వసూలు చేసింది కాదు. నాకు చెప్పేశాడు."

ఉదయశ్రీ కవరు పక్కనున్న కుర్చీ మీద పెట్టి, మళ్ళీ తడిబట్ట చేతిలోకి తీసుకుంది.

"నాకు నీ మీద కుళ్ళు పుట్టిందమ్మా," అంది రాజరాజేశ్వరి. "నర్సమ్మ నిన్ను అడిగితే కుళ్ళు, నాగమణి నీ పక్కన కూర్చుంటే కుళ్ళు. మీ మామయ్య నిన్ను మెచ్చుకుంటే అన్నం సహించేది కాదు. నువ్వు బాగా చేస్తున్నావని తెలుస్తూనే, ఎక్కడ తప్పు చేస్తావా అని కాచుకుని కూర్చున్నాను. చెయ్యకపోయేసరికి, నీకు ఎక్కడ నొప్పో చూసి అక్కడే పొడిచాను. అందరి ముందూ అన్నాను, అందరి ముందే తప్పయిందని చెబుతాను."

"వద్దండీ," అంది ఉదయశ్రీ. చేతిలోని తడిబట్ట పిండుతూ, "ఆఫీసులో నా బల్ల ఖాళీ చెయ్యమని పది నిమిషాలు ఇచ్చారండీ," అంది. "ఏడేళ్ళు చేశాను. నేను చెప్పిన లెక్క ఎవరికీ అక్కర్లేదనుకున్నాను. మీరు షాపుకి రమ్మన్నాక మళ్ళీ మనిషినయ్యాను. మీరే ఆ మాట అనేసరికి..."

అంతే, తడిబట్టలో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఉద్యోగం పోయిన రోజు నుంచి ఆమె కంట నీరు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. రాజరాజేశ్వరి ఆమెను దగ్గరికి తీసుకుని, తనూ ఏడుస్తూ, వీపు నిమురుతూ చాలాసేపు నిలబడింది. హాల్లోంచి వచ్చిన సుబ్రహ్మణ్యం బాల్కనీ తలుపు దాకా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళి టీవీ కట్టేశారు.

తర్వాత ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. అద్దె ఎలాగమ్మా ఇప్పుడు అని రాజరాజేశ్వరి అడిగింది. పరీక్షించడానికి కాదు, నిజంగా తెలియకే అడిగింది. ఓనరుతో దాపరికం లేకుండా మాట్లాడదామనీ, ఈ నెల అద్దె రెండు దఫాలుగా ఇస్తామని చెబుదామనీ, సోమవారం వచ్చే ఆరువేలూ నేరుగా బ్యాంకులోనే వేద్దామనీ ఉదయశ్రీ చెప్పింది. ముక్కు ఎగబీలుస్తూనే చెప్పింది.

"ఓనరుతో నువ్వే మాట్లాడు. నేను పక్కన కూర్చుంటాను," అంది రాజరాజేశ్వరి.

"లేదండీ, మీరే మాట్లాడాలి. పదకొండేళ్ళుగా ఒక్క నెలైనా అద్దె ఆపని మనిషి మీరు. ఆ మాట మీ నోటి నుంచి వస్తేనే ఆయన వింటారు. నేను పక్కన కూర్చుంటాను."

రాజరాజేశ్వరి ఆమె వంక చూసింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. మొహాలు కడుక్కుని, కొండాపూర్ వెళ్ళడానికి ఆటో కోసం ఇద్దరూ కలిసి కిందికి దిగారు.