గుడ్డుసొనతో వేసిన అత్తగారు

ఆ ఇంటి హాల్లో పడమటి గోడకి మంచి పేరు లేదు. అద్దెకి దిగినవాళ్లందరిదీ ఒకటే మాట — ఆ గోడకి చెమట పడుతుంది, లోపలేదో కుళ్లుతోంది... అని. అలాంటి ఇంటిని ఏరికోరి కొన్నారు మా పిన్నీ బాబాయీ. తర్వాతి సంగతి పిన్ని చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

గోడ మచ్చలు కనబడకుండా దాని మీద చనిపోయిన వాళ్లమ్మ బొమ్మ వేయిద్దామన్నాడు బాబాయి. ఆవిడకి ఫొటోలంటే పడేది కాదు, ఒక్కటీ లేదు. అమ్మ ముఖం ఎక్కడ మరిచిపోతానోనని ఆయన బెంగ.

"నవ్వుతున్నట్టు వేయించండి. గోడ మీదైనా నవ్వనీ ఆవిణ్ణి," అంది పిన్ని.

పైగా కెమికల్ రంగులు వద్దంది, తలనొప్పట. అయితే పాత పద్ధతి ఉంది, రంగుపొడి గుడ్డుసొనలో కలిపి వేస్తానన్నాడు పెయింటరు. గోడ మాత్రం ముందు బాగా ఆరాలన్నాడు. వినేదెవరు? బాబాయికి తొందర.

ఆ అత్తగారు గుడ్డు వాసన తగిలితే చాలు, ముక్కు చిట్లించి మూతి పక్కకి తిప్పేసే మనిషి. ఆవిడ ఉన్నన్నాళ్లూ వాళ్లింట్లో గుడ్డు పగల్లేదు. ఆ సంగతి మొగుడికీ గుర్తు రాలేదు, పెళ్లానికీ గుర్తు రాలేదు.

బాబాయి పోలికలు చెబుతుంటే వేసిన బొమ్మ బాగానే కుదిరింది. బాబాయికే తృప్తి లేదు. ముక్కు దిద్దించాడు, మూతి దిద్దించాడు. దిద్దినప్పుడల్లా ఇంకో పూత సొన.

"ఎవరో పెద్దావిడ... మా అమ్మ కాదు," అనేవాడు నీరసంగా.

ఇంతలో ముసురు పట్టింది. కిటికీలన్నీ మూసేశారు. హాల్లో కంపు మొదలైంది. ఎలుక చచ్చిందేమోనని పిన్ని సోఫాలన్నీ జరిపి వెతికింది. ఏమీ లేదు. కంపు మాత్రం గొంతులోకి దిగుతోంది...

ఆ సాయంత్రం కరెంటు పోయింది. పిన్ని కొవ్వొత్తి పట్టుకుని హాల్లోకి వెళ్లింది.

గోడ మీద ఆవిడ నవ్వడం లేదు.

ముక్కు చిట్లించి ఉంది. మూతి వంటింటివైపు తిరిగి ఉంది. చూస్తూండగానే పెదవి కదిలింది — పచ్చగా, జిగటగా ఏదో గడ్డం మీదికి జారి, పిన్ని కాలి మీద టప్పున పడింది.

"ఏవండీ... మీ అమ్మ..." అంది పిన్ని.

పొద్దున పెయింటరు వచ్చి, చూసి, ముందు బయటికెళ్లి వాంతి చేసుకున్నాడు. తడిగోడ మీద సొన కుళ్లిందట. పూతలెక్కువైన చోటల్లా, అంటే ముక్కూ మూతీ దగ్గర, ఉబ్బి మెలి తిరిగిందట. అంతే, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు. గీకేస్తానని రేకు తీశాడు.

బాబాయి అతని చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ముట్టుకోకు," అన్నాడు. "ఇప్పుడు కుదిరింది. అచ్చం మా అమ్మే."

నేనూ ముక్కు మూసుకుని చూసొచ్చాను ఆ బొమ్మని. ఛీ, ఆ కంపులోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు బాబాయి, రోజూ. ఆయన లేనప్పుడు సున్నం కొట్టించెయ్యరాదా అని పిన్నినడిగాను.

పిన్ని వంటింట్లోంచి గోడవైపు తొంగి చూసింది.

"మెల్లగా మాట్లాడవే," అంది. "ఆ సున్నానికి ఇంకేం ముఖం పెడుతుందో..."