పిలక తీసిన కాయ

చేతులు ఊరికే ఉంటే నాకు తోచదు. మా ఇంట్లో నా చేతిపని లేని చోటంటూ లేదు. గోడల మీద గ్లాస్ పెయింటింగ్ నెమళ్ళు, మట్టికుండల మీద ఎం-సీల్ ముద్దతో చేసిన గులాబీలు, దిండు గలీబుల మీద ఫ్యాబ్రిక్ పెయింట్ చామంతులు, ఫ్రిజ్ మీద థర్మోకోల్ రథం. మా ఆయన శివనాగరాజు కువైట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఇంట్లో నాకు కాస్త చోటుంచేవా, లేదా?" అని వేళాకోళమాడేవారు. ఎవరేమన్నా నాకు లెక్కలేదు. ఒక్క అత్తగారి మాటే కాస్త గుచ్చుకునేది.

మాది అంబాజీపేట పక్కన చిన్న ఊరు. ఇంట్లో అటక నిండా కొబ్బరికాయలు. నెలల తరబడి అలా ఉంటే లోపల నీళ్ళు ఇంకిపోతాయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడిపోతుంది. అదే కురిడీ. మా అత్తగారు అచ్చాయమ్మ అప్పుడప్పుడూ నిచ్చెనెక్కి ఒక్కో కాయనీ చెవి దగ్గర ఊపి చూసేవారు. నీళ్ళు కదిలితే "పచ్చిది, ఉండనీ" అనేవారు. గుండు దొర్లితే "ఆడింది, దించు" అనేవారు. వాసనొస్తే మాత్రం మొహం చిట్లించి "కుళ్ళింది, పారెయ్" అని, పెరటి తలుపు తీసి తనే కాలవలోకి విసిరేసి వచ్చేవారు. ఒకటి కుళ్ళితే పక్కవాటికీ అంటుకుంటుందని ఆవిడ కంగారు.

2003 వేసవిలో నా కన్ను ఆ కాయల మీద పడింది. నాలుగు కాయలు దించి, ఒలిపించి, ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దాను. పైనున్న పిలక పీకేస్తే మూడు గుంటలు. వాటిలో రెండు కళ్ళు, మెత్తగా ఉండే మూడోది నోరు. మొహం ముందే ఉంది, నేను రంగులు వేయడమే తరువాయి. అత్తగారికి ముక్కుపుడక, మా ఆయనకి మీసం, నాకు పెద్ద బొట్టు, రెండో తరగతి చదివే మా కీర్తికి నల్లదారంతో రెండు జడలు. అచ్చుగుద్దినట్టు వచ్చాయి. కీర్తి చప్పట్లు కొట్టింది.

అత్తగారు నవ్వలేదు.

"పిలకెందుకు తీసేవే? తీసిన కాయని ఆ పూటే కొట్టెయ్యాలి. కళ్ళు తెరిచిన కాయ ఇంట్లో ఉండకూడదు."

"మొహాలు వేసేక ఎలా కొడతానండీ అత్తయ్యా? మీ మొహం పగలగొట్టమంటారా?"

"ఆఁ, కొట్టెయ్యమనే అంటున్నాను" అన్నారావిడ.

నా పనంటే ఈవిడకి ఎప్పుడూ చులకనే అనుకుని ఒళ్ళు మండింది. పంతానికి నాలుగింటినీ అటక అంచున, హాల్లోకి చూసేలా వరసగా కూర్చోబెట్టాను.

దసరా వెళ్ళాక ఓ సాయంత్రం ఆవిడ అలవాటు ప్రకారం కాయలు ఊపుతూ, తన మొహమున్న కాయని కూడా చెవి దగ్గర పెట్టుకున్నారు. లోపల గుండు దొర్లింది. కింద నిలబడ్డ నాకూ వినిపించింది.

"నాది ఆడిందే దుర్గా" అన్నారు, నవ్వుతూనే. "దించు మరి."

నిచ్చెన దిగి, వీధరుగు మీద కూర్చుని కాఫీ అడిగారు. నేను కాఫీ తెచ్చేసరికి స్తంభానికి చేరగిలబడి ఉన్నారు. ప్రాణం లేదు. మాకిద్దరికీ పడేది కాదు, అయినా వారాల తరబడి ఏడ్చాను. ఆవిడ కాయని కాలవలో వదిలేశాను. ఏదో కాకతాళీయంగా జరిగిందిలే అని మనసుకి చెప్పుకున్నాను.

కార్తీకంలో వాన పట్టుకుంది. వాయుగుండమన్నారు. కాలవలు పొంగి అమలాపురం రోడ్డు మునిగిపోయింది. సరిగ్గా అప్పుడే కీర్తికి జ్వరం వచ్చింది. ఊళ్ళో మందులిచ్చే రాంబాబుగారు మోకాల్లోతు నీళ్ళలో వచ్చి చూశారు.

"ఒంట్లో తడి తగ్గిపోతోందండి. నీళ్ళు పట్టిస్తూ ఉండండమ్మా. రోడ్డు తేలగానే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోదామండి" అని మాత్రలిచ్చి వెళ్ళారు.

పట్టిద్దామంటే పిల్ల ఒక్క గుక్క మింగదు. పెదాలు ఎండి చెక్కు కట్టాయి. నాకు ఉన్నది ఇదొక్కతే. దీనికేమన్నా అయితే నేనేం చెయ్యను?

దీపాలు పెట్టే వేళకే కరెంటు పోయింది. హరికేన్ లాంతరు వెలిగించాను. కిరసనాయిలు వాసన, తడిసిన పీచు వాసన. చూరు నుంచి ధారలు. అంత వాన చప్పుడులోనూ అటక మీద ఏదో గీరినట్టు వినిపించింది.

కర్... కర్...

ఎలకనుకున్నాను. నిచ్చెనెక్కి లాంతరు ఎత్తాను. కీర్తి కాయ నా వైపే చూస్తోంది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

నీళ్ళు లేవు. కొబ్బరి చిప్పని గీరుతోంది... విడిపోబోతోంది.

కొట్టెయ్యనా? కీర్తి మొహాన్ని, నా చేత్తో? నావల్ల కాలేదు. నీళ్ళు కావాలి, అంతే తోచింది. దబ్బనం తెచ్చి ఆ మెత్తటి నోట్లో గుచ్చాను. చంటిపిల్లప్పుడు దానికి పాలు పట్టిన ఉగ్గుగిన్నెతో నీళ్ళు పోశాను.

గదిలో కీర్తి గుటక వేసింది.

ఇంకా పోశాను. ఇంకో గుటక... ఇంకోటి... "అమ్మా" అంది. ఎన్ని గంటల తర్వాత విన్నానో ఆ మాట! నీళ్ళు పైదాకా నిండాక, ఒలికిపోకుండా ఎం-సీల్ పిసికి నోటికి అద్ది, వేలితో నున్నగా రాసేశాను.

పరుగెత్తి వెళ్ళి చూస్తే ఒళ్ళు చల్లబడింది. కళ్ళు తెరిచి చూస్తోంది.

"అమ్మలూ, మాట్లాడవే!"

పెదాలు బిగిసిపోయి ఉన్నాయి. నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు.

రాంబాబుగారు వచ్చి, "జ్వరం తగ్గిపోయిందండి. నోరెందుకు బిగించేసిందో మాత్రం నాకు అంతుపట్టట్లేదండి" అన్నారు. రోడ్డు ఇంకా నీళ్ళలోనే ఉంది. ఆ ఎం-సీల్ పీకేద్దామని అటకెక్కాను. తీస్తే నీళ్ళు కారిపోతాయేమో, మళ్ళీ ఎండిపోతుందేమో... చెయ్యి రాక దిగిపోయాను.

అప్పుడు వాసన మొదలైంది. కీర్తి ఊపిరి వదిలినప్పుడల్లా, ముక్కులోంచి. తియ్యగా, పుల్లగా, అత్తగారు పారేసే కాయల్లా...

చిల్లు పడ్డ కాయలో నీళ్ళు చేరితే ఏమవుతుందో, కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన నాకు తెలీదా? తెలుసు. ఆ వేళకి గుర్తు రాలేదు.

మళ్ళీ చీకటి పడింది. కీర్తిని ఒళ్ళో పడుకోబెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. అటక మీద చప్పుడు... గీరుడు కాదు. ఎవరో ఒక్కో కాయనీ ఊపి చూస్తున్నారు. ఊపుతారు, ఆగుతారు. ఊపుతారు, ఆగుతారు.

నా ఒళ్ళో కీర్తి తల కుడివైపుకి తిరిగింది. ఎడమవైపుకి తిరిగింది. దానంతటదే. తల లోపల నీళ్ళు కదిలాయి.

పైన చప్పుడు ఆగింది.

"కుళ్ళింది..." గుసగుసగా, ఎరిగిన గొంతే. "పారెయ్."

"వద్దండీ అత్తయ్యా..." అన్నాను. కీర్తిని గట్టిగా పట్టుకున్నాను.

నిచ్చెన కిర్రుమంది. హాల్లోంచి అడుగులు పెరటి వైపు వెళ్ళాయి. గడియ తీసిన చప్పుడు. చల్లగాలి లోపలికొచ్చింది. కాలవలో ఏదో దబ్బున పడింది.

కీర్తి ఒళ్ళోనే ఉంది. రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. ఒక్క క్షణం కూడా వదల్లేదు, ఒట్టు. పోనీలే, పడింది కాయే కదా, నా పిల్ల నా దగ్గరే ఉంది అనుకుంటూ తల నిమిరాను.

జుట్టంతా తడిసి ముద్దయి ఉంది. రెండు జడల్లోంచీ కాలవ నాచు నా వేళ్ళకి చుట్టుకుంది.