మన చూరుకు ఎవరి గట్టర్

చూరుకు తగిలించే గట్టర్ పెట్టెలా ఉంటేనే వాననీటిని బాగా మోస్తుందనీ, అర్ధవృత్తంగా ఉండేది చూపుకే తప్ప పనికి రాదనీ చాలామందికి గట్టి నమ్మకం. లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన ఆ ఇంటి పెద్దకు అది నమ్మకం కాదు, నిరూపితమైన సిద్ధాంతం.

ఆ ఉదయం కూతురు కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి గోడవారగా ఆరు కొత్త పెట్టె గట్టర్లు పేర్చి ఉన్నాయి. వాటికి అంటించిన చీటీ చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లుగా ఆమె సొంతంగా రేకుల షాపు నడుపుతోంది. ఆ చీటీ సరిగ్గా ఎదురు షాపువాడిది.

"నాన్నా, ఇవేంటి?"

"కనపడటం లేదా? అమ్మ గదిలో గోడ చెమ్మెక్కిపోతోందని నువ్వేగా అన్నావు."

"అన్నాను. అరగుండ్రంవి నేనే చేసి బిగిస్తానని కూడా అన్నాను."

"లెక్క వేశానమ్మా. ఒకే వెడల్పుకి ఈ పెట్టెలో పట్టేన్ని నీళ్లు నీ అరగుండ్రంలో పట్టవు. ఇందులో వాదించడానికి ఏముంది?"

"నా బాధ లెక్క గురించి కాదు. ఊళ్లో సగం చూరులకి నేనే బిగించాను. నా ఇంటి చూరుకి మాత్రం ఎదురు షాపు సరుకు. కన్నతండ్రే నమ్మని చేతిని మనమెందుకు నమ్మాలని రేపు నా గుమ్మం ఎక్కేవాళ్లు అనుకోరా?"

"ప్రతిదీ మీదేసుకుంటావు నువ్వు."

"మీదేసుకోవడం కాదు. మీరే తెచ్చి నెత్తిన పెట్టారు."

వంటింట్లోంచి తల్లి తొంగిచూసింది. "తడిసేది నా గోడ. నన్నెవరూ అడగరేం? ఏమండీ, ఆ లెక్కేదో నీళ్లు పోసి చూపించకూడదూ? నలభై ఏళ్లుగా నల్లబల్ల మీదే చూస్తున్నాం."

ఆ మాట మాస్టారికి సూటిగా తగిలింది. కూతురు తన షాపు నుంచి నాలుగడుగుల అర్ధవృత్తపు ముక్క తెచ్చింది. ఆయన పెట్టె గట్టర్‌ను అంతే పొడవుకు కోయించి, రసమట్టం పెట్టి రెండింటినీ ఒకే వాలులో నిలిపి, చెరో బక్కెట్ నీళ్లు కొలిచి ఉంచారు. ఆ నిక్కచ్చితనంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఈలోగా కూతురు తమ ఇంటి కప్పు మీద నుంచి పాత ఆకులూ మట్టీ ఎత్తుకొచ్చి, ఒక్కో ముక్కలో ఒక్కో మగ్గు పోసింది.

"ఇదెందుకు?"

"మన చూరు మీంచి జారేది ఇదే. వట్టి నీళ్లు మీ నోట్సులోనే కురుస్తాయి."

పెట్టె ముక్కలో నీళ్లు అడుగంతా పరుచుకుని, మట్టిని మూలల్లో వదిలేసి పోయాయి. అర్ధవృత్తంలో అన్నే నీళ్లు నడుమకు చేరి చెత్తను తోసుకుపోయాయి. మాస్టారు మరో రెండుసార్లు పోయించారు. ప్రతిసారీ అంతే.

"నీళ్లకే లెక్క కట్టాను," అన్నారు చివరికి. "ఆకుల్ని మరిచిపోయాను."

"మీరు మరిచింది ఆకుల్ని మాత్రమే కాదు, నాన్నా."

ఆయన రసమట్టం తీసి పక్కన పెట్టారు.

"నిన్ను అడగాల్సింది. అడిగితే నాకంటే నీకే ఎక్కువ తెలుసని తేలిపోతుందని అడగలేదు."

కూతురు ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తల్లి చల్లారిన కాఫీ గ్లాసు తీసుకెళ్లి, వేడి చేసి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు మిగిలిన అయిదు గట్టర్లనూ తోపుడుబండి మీద వేసుకుని, కూతురి షాపు ముందు నుంచే నడిచి, ఎదురు షాపులో తిరిగి ఇచ్చి వచ్చారు. ఆదివారం కూతురు నిచ్చెన ఎక్కింది. ఆయన కింద పట్టుకున్నారు. మొదటి పెద్ద వానకు అర్ధవృత్తపు గట్టర్ ఒక మూల పొర్లింది. అక్కడ కిందికి దిగే గొట్టం మరొకటి బిగించారు. మళ్లీ పొర్లలేదు. నెల తిరిగేసరికి తల్లి గది గోడ ఆరిపోయింది.