కుడి తొడ ఎముక మినహా

ఆ భవనంలో నేలకింది అంతస్తంతా ఎముకల ప్రయోగశాలది. కిటికీలు లేవు. పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా అదే ట్యూబులైట్ల వెలుగు, అదే ఏసీ రొద. పద్నాలుగేళ్లుగా అక్కడ ఎముకలు కోసే పని ఆమెది. పెళుసు ఎముకల జబ్బున్నవాళ్లు ఆపరేషన్లప్పుడో, పోయాకో ఇచ్చిన ఎముకల్ని పలచటి బిళ్లలుగా కోయాలి, స్కానరులో పెట్టి చూడాలి, చివరికి ప్రెస్సు కింద పెట్టి ఎంత బరువుకి విరుగుతాయో రాసుకోవాలి. కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు ఆమెకి రంపమ్మ అని పేరు పెట్టారు. వినీ విననట్టు ఊరుకునేది. ఎముక కోస్తుంటే గోళ్లు కాలిన వాసన వస్తుంది. మొదట్లో అన్నం సయించేది కాదు. తరవాత ఆ వాసన వస్తున్నట్టే తెలిసేది కాదు.

ఆర్నెల్లకోసారి స్కానింగుకి వచ్చేవాళ్లలో ఒకమ్మాయిని అందరూ చిలక అనేవారు. ఇరవయ్యారేళ్లున్నా మనిషి మూడడుగులు దాటదు. చక్రాల కుర్చీలో కూర్చుని ఊపిరి తిప్పుకోకుండా కబుర్లు చెప్పేది. వాళ్లన్నయ్య వడ్రంగి. ఆ కుర్చీ అతనే చేశాడు. లోపలికి తోసుకొచ్చేదీ అతనే. చిలక ఒంట్లో యాభై ఎనిమిది విరుగుళ్లు. తుమ్మితే ఒకటి, నవ్వితే ఒకటి. ఒక్క కుడి తొడ ఎముక మాత్రం పుట్టినప్పటినుంచీ చెక్కుచెదరలేదు.

పోయాక తన ఎముకలు పరిశోధనకి ఇస్తానని చిలకే అడిగి ఫారం తెప్పించుకుంది. నింపింది రంపమ్మ. సంతకం పెట్టేముందు చిలక పెన్ను ఆపింది.

"అక్కా, ఒక్క ముక్క చేత్తో రాయి. కుడి తొడ ఎముక మినహా అని."

ఎందుకని అడిగింది ఆమె.

"మిగతావన్నీ నన్ను ఏడిపించినవే. తీసుకుపొండి. అదొక్కటే నా పక్షాన నిలబడింది. దాన్ని నాతో రానీ."

ఆమె రాసింది. కింద సాక్షిగా తన సంతకమూ పెట్టింది.

ఆ చలికాలం న్యుమోనియాతో చిలక పోయింది. విభాగం పెద్ద డాక్టరు ఫారం చూసి, ఆ చేతిరాత ముక్క మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తరవాత రంపమ్మని గదిలోకి పిలిచి నెమ్మదిగా నచ్చజెప్పాడు. అన్నీ విరిగి ఆ ఒక్కటీ ఎందుకు విరగలేదో తెలిస్తే చాలన్నాడు, ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు ఎందరో లేచి నడుస్తారన్నాడు. ఆఖర్న, ఆమె అక్క కూతురి సంగతి ఎత్తాడు. ఆ పిల్లకి నాలుగేళ్లు. అదే జబ్బు. అప్పటికి మూడుసార్లు పిండికట్టు వేశారు.

ఆ సాయంత్రం మిగతావాటితో పాటు ఆమె చిలక కుడి తొడ ఎముక కూడా తీసింది. కాలు వాలిపోకుండా కర్ర పెట్టి, కుట్లు కనబడకుండా కుట్టింది. ఆ చేతిరాత ఉన్న కాగితాన్ని పెద్ద డాక్టరు ఏం చేశాడో ఆమె అడగలేదు. అన్నయ్య వచ్చి, చెల్లెల్ని రెండు చేతుల మీదా ఎత్తుకుని తీసుకెళ్లాడు. వెళ్తూ ఆమెకి దండం పెట్టాడు. ఆ దండం ఆమెకి చాలారోజులు గుచ్చుకుంది.

ఎముక పొడవు ఇరవయ్యొక్క సెంటీమీటర్లు. చీటీ కట్టి ఫ్రీజరులో పెట్టింది. మర్నాడు కింది కొస నుంచి ఒక బిళ్ల కోసింది. రెండో బిళ్ల కోద్దామని మూడోనాడు బయటికి తీస్తే, రంపం కోసిన చోటు కనిపించలేదు. కొస గుండ్రంగా, నున్నగా మూసుకుపోయి ఉంది.

తనే తలకిందులుగా పట్టుకున్నానేమో అనుకుని తిప్పి చూసింది. స్కానరులో పెట్టింది. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు చుట్టూ కొత్త ఎముక బుడిపెలా పెరుగుతుంది. ఆ పెరుగుదల తెరమీద తెల్లగా కనబడుతోంది. అది బతికున్న మనిషిలోనే జరుగుతుంది. గడ్డకట్టిన ఎముకలో జరగదు.

స్కేలు పెట్టి కొలిచింది. ఇరవై మూడు.

పెద్ద డాక్టరు ముందు నమ్మలేదు. చీటీలు మార్చావేమో అన్నాడు. వారం తిరిగేసరికి అది ఇరవై తొమ్మిదయింది. ఈసారి ఆయనే కొలిచాడు. భయపడతాడనుకుంది ఆమె. ఆయన కళ్లు మెరిశాయి. ఎవరికీ చెప్పొద్దన్నాడు. సెలవురోజు వచ్చి, ఎవరూ లేనప్పుడు ప్రెస్సు కింద పెట్టి చూడమన్నాడు. ఆమె సరేనంది. ఎందుకు సరేనందో తరవాత ఎంత ఆలోచించినా ఆమెకే అర్థం కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం. చలికాలమైనా పైన రోడ్డుమీద ఎండ చురుక్కుమంటోంది. మెట్లు దిగి తలుపు తీసేసరికి చల్లగాలి మొహానికి కొట్టింది. ఆ గాలిలో గోళ్లు కాలిన వాసన. రంపం ఆడించి నాలుగు రోజులైంది. ఏళ్ల తరబడి ముక్కుకి తెలియని వాసన ఆ రోజు తెలిసింది.

ఎముకని ప్రెస్సు పళ్ల మధ్య బిగించింది. ఎముక విరిగేముందు లోపల సన్నటి పగుళ్లు పుడతాయి. ఆ చప్పుడు మామూలు చెవికి ఆనదు. అందుకని ఎముకకి చిన్న మైకు అంటించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటారు. ఆమె అలాగే పెట్టుకుని మీట నొక్కింది.

బరువు ఎక్కడం మొదలైంది. ఈ జబ్బున్న ఎముక మామూలుగా విరిగే అంకె దాటింది. ఆరోగ్యమైన మనిషి ఎముక విరిగే అంకె కూడా దాటింది. చెవుల్లో ఒక్క పగులు చప్పుడూ లేదు. సన్నటి హోరు మాత్రం వినిపిస్తోంది... శంఖం చెవికి ఆనించుకున్నట్టు.

ఆ హోరు లోపలికీ బయటికీ పోతోంది.

ఊపిరిలా...

ఆమె మీట మీద చెయ్యి వేసింది. ఆపాలనుకుంది. అప్పుడు వినిపించింది.

"అక్కా..."

చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"అది వద్దన్నాను కదా."

కోపం లేదు. అలవాటైన గొంతు. కబుర్ల మధ్య చిన్న మాట అనేసినట్టు ఉంది.

హెడ్‌ఫోన్లు లాగి బల్లమీద పడేసింది. ప్రెస్సు ఆపేసింది. గదిలో ఏసీ రొద తప్ప ఏమీ లేదు. హమ్మయ్య అనుకోబోయింది.

"వద్దన్నాను కదా."

రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. గొంతు తగ్గలేదు. పెరిగింది. చెవులు మూసుకుంటే మన దవడ చప్పుడు మనకి పెద్దగా వినిపించినట్టు... లోపలినుంచి. ఎక్కడినుంచో అర్థమవడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. చెవుల్లోంచి కాదు. తలలోంచీ కాదు. మోకాలికి పైన. కుడి తొడలోంచి. మాట మాటకీ అక్కడి ఎముక సన్నగా అదురుతోంది.

ఎలా మెట్లెక్కిందో, ఎలా ఇల్లు చేరిందో ఆమెకి గుర్తులేదు. పొద్దున్నే పెద్ద డాక్టరుకి ఫోను చేసి, ఎముక వాళ్లవాళ్లకి ఇచ్చేస్తున్నానని చెప్పింది. ఆయన కేకలేశాడు, ఉద్యోగం పోతుందన్నాడు. పోనిమ్మంది. తరవాత వడ్రంగి అన్నయ్యకి కబురు చేసింది.

అతను మర్నాడు ఆమె ఇంటికి వచ్చాడు. ఎముకని అప్పటికే ప్రయోగశాలనుంచి తెచ్చి, పొడుగాటి అట్టపెట్టెలో, తెల్లగుడ్డలో చుట్టి ఉంచింది. కొలవలేదు. కొలిచే ధైర్యం లేకపోయింది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జరిగిందంతా తలవంచుకుని చెప్పింది. ఫారంలో రాసిన మాట, తను పెట్టిన సాక్షి సంతకం, కర్ర, కుట్లు... ఏదీ దాచలేదు. తనని కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

అతను చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"తను నాకూ చెప్పింది," అన్నాడు చివరికి. "మీరు రాశారని సంతోషపడింది."

పెట్టె దగ్గరికి లాక్కుని, పసిపిల్ల దుప్పటి తీసినంత జాగ్రత్తగా గుడ్డ తొలగించాడు. చూసి ఆగిపోయాడు. జేబులోంచి టేపు తీసి ఈ కొసనుంచి ఆ కొసకి పరిచాడు. మళ్లీ పరిచాడు.

"నలభై మూడు," అన్నాడు.

ఆమె వంగి టేపు మీద అంకె తనే చూసుకుంది.

"ఎక్కడో పొరపాటు జరిగిందమ్మా. కుర్చీలు, కాళ్లకి కట్టే చెక్కబద్దలు, మంచం, అన్నీ నేనే చేశాను. మా చెల్లి కొలతలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దాని తొడ దీన్లో సగం కూడా ఉండదు." గుడ్డ మళ్లీ కప్పేశాడు. "ఇది ఎవరో నిండు మనిషిది. ఆడమనిషిదే, మీ అంత ఎత్తుంటుంది."

అది మీ చెల్లెలిదేనని ఆమె చెప్పింది. ప్రమాణం చేసింది. అతను జాలిగా చూసి లేచాడు. పెట్టెని ఆమె వైపు జరిపాడు.

"ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యండి," అని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

అతన్ని ఎలాగైనా ఆపాలని ఆమె పెట్టె చంకన పెట్టుకుని వెనకాలే వరండాలోకి నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో కాలికి ఏదో అడ్డం పడి తూలి గోడ పట్టుకుంది. వంగి చూసుకుంది. అడ్డం పడింది తన ప్యాంటే. కిందటేడు కొలిచి కుట్టించుకున్నది. ఎడమకాలి అంచు ఎప్పటిలాగే చీలమండ దగ్గర ఉంది.

కుడికాలి అంచు మడమ కిందికి జారి, జానెడు గుడ్డ నేలమీద ఈడుస్తోంది.