రాగి గోడ

రాగి పనివాళ్ల ఊరు తుమాంగ్‌లో తెల్లవారితే సుత్తుల మోతే. తియ్యటి టీ తాగి సుమిరత్ అప్పుడే పనికి కూర్చున్నాడు. నలభై ఏళ్లు రాగి రేకులు కొట్టి ఆయన చెవులు దాదాపు మూతపడ్డాయి. కూతురు లరస్ ఆర్కిటెక్టు. పక్క పట్నంలో కడుతున్న మ్యూజియం గీసింది ఆమే. దాని గోడలన్నీ రాగి రేకులే, వాటి నిండా తమ ఊరి సుత్తి దెబ్బల పనితనమే. ఏడాదిగా ఆ మాట చెప్పుకునే ఆయన ఊళ్లో తలెత్తుకు తిరుగుతున్నాడు.

ఆ ఉదయం లరస్ నమూనా రేకొకటి తెచ్చి ముందు పెట్టింది. ఆయన వేళ్లతో తడిమాడు. ప్రతి గుంటా ఒకే లోతు.

"ఇది చేత్తో కొట్టింది కాదు."

"మిషను పని నాన్నా. గోడంతా ఇలాగే. నేనే ఒప్పుకున్నాను," అంది లరస్ గట్టిగా.

"ఊరిచేత నా మొహాన ఉమ్మించడానికా నిన్ను చదివించింది?"

చెంప ఛెళ్లుమంది. లరస్ పెదవి చిట్లింది. తనతోపాటే రాగి కొట్టే కొడుకు వినర్నో అడ్డొస్తే గోడకేసి తోసి, సుమిరత్ పెద్ద సుత్తి ఎత్తి రేకు మీద దించాడు. మళ్లీ దించాడు. మూడోసారి లరస్ రేకును లాక్కోబోయింది. సుత్తి ఆమె వేళ్ల మీద పడింది.

తల్లి పర్తినా పరుగున వచ్చి సుత్తి లాక్కుంది. దాని కర్రతోనే మొగుడి భుజం మీద ఒక్కటేసింది.

"చంపేయ్. ఇద్దర్నీ చంపేసి నువ్వొక్కడివే కొట్టుకో ఆ రాగి."

రక్తం కారే చేతిని పొట్టకు అదుముకుని, లరస్ తండ్రి చెవి దగ్గర అరిచింది. "తమ్ముడికి కుడి చెవి పోయింది నాన్నా. నీకు చెప్పొద్దన్నాడు. రెండు వేల రేకులు చేత్తో కొడితే రెండోదీ పోతుంది. నా గోడ కోసం వాణ్ని చెవిటివాణ్ని చెయ్యనా?"

సుమిరత్ కొడుకు వైపు తిరిగాడు. "నిజమేనా?"

"ఏంటి?" అన్నాడు వినర్నో, పైకి లేస్తూ.

ఆయన అక్కడే కూలబడ్డాడు. పిలిస్తే పలకడం లేదని, పొగరనుకుని, వాణ్ని ఎన్నిసార్లు కొట్టాడో గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఆసుపత్రి గుమ్మంలో అన్నం పొట్లంతో నిలబడ్డాడు. పర్తినా దారివ్వలేదు.

"రానీ అమ్మా," అంది లరస్. కుడిచేతికి లావుపాటి కట్టు ఉంది.

ఆయన మంచం పక్కన కూర్చుని, అన్నంలో వేయించిన సోయా టెంపే ముక్క కలిపి ముద్ద అందించాడు. ఆమె నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది.

"గోడ మిషను కొట్టనీ," అన్నాడు. "తలుపొక్కటీ నాకివ్వు."

"తమ్ముడు మళ్లీ సుత్తి పట్టకూడదు."

ఆయనకు వినపడలేదు. చెవి ఆమె నోటి దగ్గరికి వంచాడు. ఆమె మళ్లీ చెప్పింది.

"పట్టడు," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "నీ వేళ్లు కదిలేదాకా నేనూ పట్టను."

లరస్ రెండో ముద్దకు నోరు తెరిచింది.