తలుపు అవతల అమ్మ

తట్టదు, తొయ్యదు. తలుపు అవతల నిలబడి ఉంటుంది, అంతే. కింది సందులోంచి రెండు పాదాల నీడ కనిపిస్తూనే ఉంది. గడియ కూడా వేసి లేదు. వేలితో నెడితే తెరుచుకునే తలుపు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పలేదు? చెప్పినప్పుడల్లా అమ్మ "సరేనమ్మా" అంటుంది, మర్నాడు మళ్లీ ఇక్కడే నిలబడుతుంది. తీయాలి. తీస్తుంది. ఈ చిక్కు ఒక్కటి విడిపోనీ. అద్దం ముందు కూతురు దువ్వెన లాగింది. చిక్కు విడిపోయింది. ఇంకొకటి వెతుక్కుంది. తాను చూడనట్టు నటిస్తున్నానని ఆమెకి తెలుసు. అమ్మని అలా నిలబెట్టడంలో ఏదో కసి తీరుతోందని తెలుసు, ఆ కసి తలుచుకుంటే తనకే తల దించుకోవాలనిపిస్తుందనీ తెలుసు. అయినా దువ్వెన ఆగలేదు.

"ఏమే, మీ అమ్మ నీ గదికి కాపలా కాస్తోందా ఏంటి?" వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "వదినగారూ, మరీ ఇంత మొహమాటమైతే ఎలాగండీ? కన్నకూతురి గదేగా, తోసుకెళ్లండి!"

అమ్మ దూరాన ఏదో హాస్టల్లో వంట చేసేదనీ, అందుకే పిల్ల పెద్దమ్మ దగ్గర పెరిగిందనీ అత్తగారికి తెలిసిన కథ. అల్లింది కూతురే. హాస్టలు గంట, హాస్టలు గేటు, సెలవివ్వని వార్డెను. అబద్ధంలో నిజం ఎంత పాళ్లలో కలపాలో ఆమెకి బాగా పట్టుబడింది. జైలు అన్న ఒక్క మాట తీసేస్తే మిగిలినదంతా నిజమే.

చివరికి తలుపు తీసింది. ఇస్త్రీ బట్టల్లో, భుజాన సంచితో అమ్మ నిలబడి ఉంది.

"ఇవాళేనమ్మా" అంది.

"లోపలికి రా. తలుపెయ్." కూతురు గొంతు తగ్గించింది. "వెళ్లక తప్పదా?"

"చట్టాలు చేసేవాళ్లు జైల్లో మమ్మల్నెలా చూశారో పిలిచి అడుగుతున్నారు. ఇన్నేళ్లకి."

"దర్జీ అత్త ఉంది, డ్రైవరు పిన్ని ఉంది. వాళ్లూ లోపల గడిపినవాళ్లేగా. వాళ్లు చెప్తారు."

"కానుపు మంచానికి బేడీ వేసింది నాకే. వాళ్లకి కాదు."

"టీవీలో వస్తుందమ్మా! అత్తయ్య పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటుంది. నాన్న దొంగతనానికి వెళ్తే బండి నడిపానని చెప్పుకో, అక్కడ కాపలా మనిషి చచ్చిపోయాడని చెప్పుకో. అది నీ కథ. పుట్టింది మాత్రం నేను. నేనెక్కడ పుట్టానో అందరికీ చాటే హక్కు నీకెవరిచ్చారు?"

అమ్మ మంచం అంచున కూర్చుంది.

"చేసినదానికి శిక్ష వేశారు. వెయ్యాల్సిందే. ఆ కాపలా మనిషికి కూడా పిల్లలున్నారట. కానీ వాళ్లు కట్టేసింది నా కుడిచెయ్యి. నిన్ను ఎడంచేత్తో ఎత్తుకోబోతే జారిపోయావు. నర్సమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. నువ్వేం నేరం చేశావని? ఆ ఒక్కటే అడుగుతాను." కూతురి వైపు చూసి, "నువ్వని చెప్పన్లే. 'ఒక పిల్ల' అంటాను" అంది.

"ఆ పిల్లెవరో పోల్చుకోలేనంత వెర్రిబాగులవాళ్లా అందరూ?"

అమ్మ లేచి, మూసిన తలుపు ముందు నిలబడింది. అలాగే నిలబడింది. కూతురే వెళ్లి తీయాల్సి వచ్చింది. జైల్లో తాళాలగుత్తి పట్టుకుని తిరిగేవాళ్లు ఇలాగే, ఇదే విసురుతో, తీసి ఉంటారు. ఆ ఊహకి ఆమె చెయ్యి తలుపు మీదే బిగుసుకుపోయింది. అప్పటికే అమ్మ మెట్లు దిగిపోయింది.

ఆఫీసుకి తలనొప్పని ఫోన్ చేసి కూతురు అమ్మ వెనకాలే బయల్దేరింది. ఆపడానికో, వినడానికో అడిగితే చెప్పలేకపోయేది.

చట్టాలు చేసేవాళ్లు పిలిచిన ఆ పెద్ద భవనంలో మెట్లెక్కి మలుపు తిరిగేసరికి నడవా చివర వాళ్లు కనిపించారు. అమ్మ, దర్జీ అత్త, డ్రైవరు పిన్ని, ఇంకో పెద్దావిడ. ఎవరూ చెప్పకపోయినా గోడవారగా వరస కట్టారు, మనిషికీ మనిషికీ మధ్య చేతి దూరం వదిలి. ఎదురుగా మూసిన తలుపు. తాళం లేదు, గడియ లేదు.

లోపల మైకులో ఎవరో అన్నారు. "జైలు నుంచి విడుదలైన మహిళల సంఘం... ఎవరూ రాలేదా?"

"మనల్నేనే" గుసగుసలాడింది డ్రైవరు పిన్ని.

"ఊఁ. తీస్తారుండు" అంది దర్జీ అత్త.

అమ్మ ఒక అడుగు ముందుకి వేసి తలుపు దగ్గర ఆగింది. చెయ్యి కాస్త లేచింది. మళ్లీ దిగిపోయింది.

"రాకపోతే తర్వాతి వాళ్లని పిలవండి" అంది మైకు.

కూతురు కదల్లేదు. ఊరికే ఉంటే చాలు. ఇంకాసేపు ఇక్కడే నిలబడితే వంతు దాటిపోతుంది, అత్తగారి హాస్టలు కథ పదిలంగా ఉంటుంది. ఎవరూ తనని వేలెత్తి చూపలేరు. తాను చేసింది ఏమీ లేదుగా. పొద్దున కూడా అంతే, జుట్టు దువ్వుకుంది, అంతేగా. చెవులు వేడెక్కాయి. ఒంటి చేతికి బరువై జారిన పసిదాన్ని నర్సమ్మ పట్టుకుంది. ఆమె కూడా ఊరికే ఉంటే?

చెప్పుల చప్పుడుకి అమ్మ తిరిగింది. కూతుర్ని చూడగానే ముఖం పాలిపోయింది.

"వెళ్లిపోమంటావా?" అని మెల్లిగా అడిగింది.

అమ్మ పక్కనుంచి చెయ్యి చాపి కూతురు తలుపు తోసింది. లోపల తలలన్నీ ఇటు తిరిగాయి, కెమెరాలూ తిరిగాయి.

"ఎవరమ్మా?"

"మా అమ్మ వచ్చిందండీ" అంది ఆమె. నలుగురిలో చివరి మనిషి లోపలికి వెళ్లేదాకా తలుపు పట్టుకునే నిలబడింది.